ఎల్‌జీ ఓలెడ్ జీ5 టీవీ: నాలుగు దొంతరల వెలుగు ఎన్నేళ్లు నిలుస్తుంది?

తెలుగు న్యూస్ ఛానల్ తెర ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అడుగున ఎర్ర పట్టీ, దాని మీద పసుపు అక్షరాల్లో బ్రేకింగ్, ఆ కింద పరిగెత్తే స్క్రోలింగ్, పై మూలన లోగో, ఇంకో మూలన టైము. మనుషులు మారతారు, ఊళ్లు మారతాయి, ఆ పట్టీ మాత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకేచోట వెలుగుతూ ఉంటుంది. ఓలెడ్ టీవీలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఎక్కువ వెలిగిన చుక్క ఎక్కువ అరిగి అక్కడ నీడ మిగులుతుంది. అందుకే దానికి ఇంట్లో ఇంతకంటే కఠినమైన పరీక్ష ఇంకోటి ఉండదు. 2025లో వచ్చిన ఎల్‌జీ ఓలెడ్ ఇవో జీ5ను ఈ సమీక్షలో ఆ వైపు నుంచే చూస్తున్నాం. కరెంటును ఎంత పొదుపుగా వెలుగుగా మారుస్తుంది, ఆ వెలుగు తెరంతా ఎన్నేళ్లు సమంగా నిలుస్తుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. సౌండ్ గురించి, గేమింగ్ గురించి, రిమోట్ గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు.

తీర్పు ముందే చెప్పేస్తాం. కొనదగిన టీవీ. అయితే దీని అసలు లాభం అట్టపెట్టె మీది నిట్స్ (తెర వెలుగును కొలిచే ప్రమాణం) అంకెలో దొరకదు. అంత వెలుగు ఇవ్వగల ప్యానెల్‌ను రోజూ అందులో చిన్న వంతుకే నడిపితే తెర చాలా నెమ్మదిగా అరుగుతుంది. షోరూమ్‌లో చూపించినంత ధాటిగా ఇంట్లోనూ నడిపితే, ఎక్కువ డబ్బు పోసి కొన్న ఆయుష్షును మన చేత్తో మనమే ఖర్చుపెట్టినట్టు. ఎందుకో తెలియాలంటే ప్యానెల్ లోపలికి వెళ్లాలి.

జీ5లో 55 నుంచి 83 అంగుళాల సైజుల్లో ఎల్‌జీ డిస్‌ప్లే వారి నాలుగో తరం ప్యానెల్ ఉంది. దాని పేరు ప్రైమరీ ఆర్‌జీబీ టాండెమ్. టాండెమ్ అంటే జోడెడ్ల బండి అనుకోండి. ఒక ఎద్దు లాగే బరువును రెండు పంచుకుంటే రెండూ ఎక్కువ కాలం పనిచేస్తాయి. వెలుగునిచ్చే సేంద్రియ పొరల దొంతరను ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో ఛార్జ్ జనరేషన్ లేయర్ అనే పలుచటి పొర పెడతారు. పైనుంచి వచ్చిన ఛార్జ్ ఒక దొంతరలో వెలుగుగా మారాక, ఈ మధ్య పొర కొత్త ఛార్జ్ జతను పుట్టించి తర్వాతి దొంతరకు అందిస్తుంది. అంటే అదే కరెంటుతో రెండుసార్లు వెలుగు వస్తుంది. జపాన్‌లోని యమగాటా విశ్వవిద్యాలయానికి చెందిన జుంజి కిడో బృందం 2003లో ఈ దారి చూపించింది. ఈరోజు ఓలెడ్ టీవీలు, 2024లో వచ్చిన ఎం4 ఐప్యాడ్ ప్రో తెర, అన్నీ ఆ దారిలోవే.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. రెండు దొంతరలు కాబట్టి కరెంటు బిల్లు సగం అవుతుందని కొన్ని ప్రకటనలు చూస్తే అనిపిస్తుంది. కాదు. దొంతరలు వరసగా కలిపి ఉంటాయి కాబట్టి కావలసిన వోల్టేజీ కూడా పెరుగుతుంది. ఒక్క దొంతర నడవడానికి 3 వోల్టులు కావాలనుకుంటే, రెంటికి 6, నాలుగింటికి 12. ఆంపియర్లు సగమై, వోల్టులు రెట్టింపైతే వాట్లు మునుపటి దగ్గరే ఉంటాయి. చిన్న లాభం మాత్రం ఉంది. ప్యానెల్ లోపలి సన్నటి తీగల్లో వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కరెంటు సగమైతే ఆ వృథా నాలుగో వంతుకు పడిపోతుంది. కరెంటు తగ్గించి నడిపినప్పుడు పదార్థం కూడా కొంచెం మెరుగైన సామర్థ్యంతో వెలుగుతుంది. ఈ రెండూ పక్కన పెడితే టాండెమ్ ఇచ్చేది ప్రధానంగా ఆయుష్షు, లేదా అదే ఆయుష్షులో ఎక్కువ వెలుగు. రెండిట్లో ఏది తీసుకోవాలన్నది తయారీదారు కొంత నిర్ణయిస్తే, మిగతాది సెట్టింగ్స్‌లో మనం నిర్ణయిస్తాం.

ఆ లాభం ఎంతో లెక్క కట్టవచ్చు. ఓలెడ్‌ను నడిపే వెలుగు పెరిగే కొద్దీ ఆయుష్షు అంతకంటే వేగంగా తరుగుతుంది. వెలుగును ఒక ఘాతానికి పెంచి గంటలతో గుణిస్తే వచ్చేది దాదాపు స్థిరమని ఈ రంగంలో అందరూ వాడే సూత్రం. ఆ ఘాతం పదార్థాన్ని బట్టి సుమారు 1.5 నుంచి 2 దాకా ఉంటుంది. మధ్యలో 1.7 తీసుకుందాం. ఒక దొంతర మోసే వెలుగు సగమైతే ఆయుష్షు రెండింతలు కాదు, సుమారు 3.2 రెట్లు అవుతుంది. వెలుగును 100 నుంచి 60కి దించితే 2.4 రెట్లు. సెట్టింగ్స్‌లో ఒక గీత జరపడం వల్ల కలిగే ఫలితం ఇది. ఈ సమీక్ష చదివి ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే ఇదే పెట్టుకోండి.

ఇప్పుడు నాలుగు దొంతరల సంగతి. అంతకు ముందు తరం ప్యానెళ్లలో మూడు దొంతరలుండేవి. రెండు నీలానివి, మధ్యలో పసుపు-ఆకుపచ్చ వైపు వెలిగేది ఒకటి. ఎరుపు, ఆకుపచ్చ రెండిటి భారం ఆ ఒక్క దొంతరే మోసేది. జీ5లో ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు ఒకటి, నీలానికి రెండు. ఇవన్నీ కలిసి తెల్ల వెలుగు ఇస్తే, అందులోంచి ఒక్కో రంగును కలర్ ఫిల్టర్లు వేరుచేస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా రావడంతో వాటి రంగు కొసలు సన్నబడి, పైనున్న కలర్ ఫిల్టర్లకు బాగా సరిపోతున్నాయి. ఎరుపు ఫిల్టర్ ముందుకు నారింజ, పసుపు కలిసిన వెలుగు వస్తే అందులో చాలా భాగం ఫిల్టర్‌లోనే చచ్చిపోతుంది. శుద్ధమైన ఎరుపు వస్తే ఎక్కువ బయటికొస్తుంది. ఈ ప్యానెల్‌లో రంగుల వెలుగు 40 శాతం పెరిగి 2,100 నిట్స్‌కు చేరిందని, అత్యధిక వెలుగు 33 శాతం పెరిగి 4,000 నిట్స్ అయిందని, 65 అంగుళాల ప్యానెల్‌లో శక్తి సామర్థ్యం 20 శాతం దాకా మెరుగైందని ఎల్‌జీ డిస్‌ప్లే 2025 జనవరిలో ప్రకటించింది. ఆ 20 శాతంలో దొంతరల మార్పుతో పాటు కరెంటు సరఫరా వ్యవస్థలో చేసిన మార్పుల వంతూ ఉంది.

న్యూస్ ఛానల్ చూసే ఇంటికి ఈ మార్పు సరిగ్గా కావలసిన చోట జరిగింది. ఎర్ర పట్టీ, పసుపు అక్షరాలు మోసేది ఎరుపు, ఆకుపచ్చలే. ఎల్‌జీ ప్యానెళ్లలో ఎరుపు సబ్‌పిక్సెల్ (పిక్సెల్‌లో ఎరుపుకు కేటాయించిన గడి) సైజును 2018లోనే పెంచారు, కారణం ఇదే. చిన్న గడి ఎక్కువ కరెంటు మోస్తే త్వరగా అరుగుతుంది, గడిని వెడల్పు చేస్తే చదరపు మిల్లీమీటరు మీద పడే భారం తగ్గుతుంది. ఇప్పుడు ఎరుపుకు సొంత దొంతరే వచ్చింది. అయితే నీలం సంగతి గమనించండి. పాతదాంట్లోనూ నీలానికి రెండు దొంతరలే, ఇందులోనూ రెండే. "నాలుగు" అన్న మాట విని ఆయుష్షు అన్ని రంగులకూ ఒకేలా పెరిగిందనుకోకూడదు.

నీలమే ఎందుకింత పేచీ? సేంద్రియ పొరలో ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ) కలిసినప్పుడు ఏర్పడే ఉత్తేజిత స్థితుల్లో నాలుగింట ఒకటే సింగ్లెట్, మిగతా మూడూ ట్రిప్లెట్లు. మామూలు ఫ్లోరెసెంట్ పదార్థం సింగ్లెట్లనే వెలుగుగా మారుస్తుంది, ట్రిప్లెట్లు చాలావరకు వేడిగా పోతాయి. 1998లో ప్రిన్స్‌టన్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలకు చెందిన స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ బృందం ప్లాటినం ఉన్న అణువుతో, తర్వాత ఇరిడియం అణువులతో ఆ మూడు వంతుల్ని కూడా వెలుగులోకి తెచ్చింది. దాన్నే ఫాస్ఫోరెసెంట్ ఓలెడ్ అంటున్నాం. ఎరుపు, ఆకుపచ్చల్లో అది ఎప్పుడో స్థిరపడింది. నీలంలో మాత్రం ఆ ట్రిప్లెట్లు మైక్రోసెకన్ల పాటు ఎక్కువ శక్తిని పట్టుకుని కూర్చుంటాయి. ఆ లోపు ఇంకో ఉత్తేజిత కణమో, ఛార్జో వచ్చి తగిలితే, రెండిటి శక్తీ ఒకేచోట చేరి అణువులోని బంధాన్నే తెంచేస్తుంది. తెగిన అణువు మళ్లీ వెలగదు సరికదా, పక్కవాటి వెలుగును కూడా మింగేసే గుంటలా తయారవుతుంది. అందుకే నీలాన్ని ఇన్నేళ్లూ తక్కువ సామర్థ్యమున్న ఫ్లోరెసెంట్‌తోనే నెట్టుకొస్తున్నారు. జీ5లో ఉన్న నీలమూ ఆ కోవదే.

ఈ రంగంలో ఇది పాత బాధే. 2007లో సోనీ మొదటి ఓలెడ్ టీవీ అమ్మింది, 11 అంగుళాల ఎక్స్‌ఈఎల్-1. దాన్ని డిస్‌ప్లేసెర్చ్ సంస్థ 1,000 గంటలు నడిపి కొలిస్తే నీలం 12 శాతం తగ్గింది, ఆకుపచ్చ 8, ఎరుపు 7. వెలుగు తగ్గడం ఒక నష్టం, మూడూ మూడు వేగాలతో తగ్గి తెలుపు రంగు పసుపు వైపు జరగడం రెండో నష్టం. నీలం భారాన్ని తగ్గించడానికి ఎల్‌జీ డిస్‌ప్లే చేసిన మంచి పని ఒకటి 2021 చివర్లో ప్రకటించిన ఓలెడ్ ఈఎక్స్ ప్యానెల్‌లో ఉంది. సేంద్రియ అణువుల్లోని హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్‌ను పెట్టారు. ప్రకృతిలో సుమారు 6,000 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి డ్యుటీరియం. నీళ్లలోంచే తీస్తారు. రెట్టింపు బరువుండే ఈ పరమాణువు కార్బన్‌తో కట్టుకున్న బంధం తెగడానికి ఇంకొంచెం ఎక్కువ శక్తి కావాలి, అది కంపించే తీరూ నెమ్మదిగా ఉంటుంది. రసాయన గుణం దాదాపు మారకుండా అణువు గట్టిపడింది. ప్రచారంలో ఎక్కడో మూలన పడిపోయిన మాట ఇది. మా దృష్టిలో 4,000 నిట్స్ కన్నా ఇదే పెద్ద విషయం.

2025 మేలో ఎల్‌జీ డిస్‌ప్లే, యూనివర్సల్ డిస్‌ప్లే సంస్థతో కలిసి ఇంకో మెట్టెక్కింది. కింది దొంతరలో ఫ్లోరెసెంట్ నీలం, పై దొంతరలో ఫాస్ఫోరెసెంట్ నీలం పెట్టి, ఆయుష్షు నిలుపుకుంటూనే విద్యుత్తు సుమారు 15 శాతం తగ్గించామని చెప్పింది. అది చిన్న, మధ్య సైజు తెరల కోసం. జీ5లో లేదు. కొత్త నీలం వచ్చేదాకా ఆగుదామని టీవీ కొనడం వాయిదా వేయక్కర్లేదు.

ఇక కరెంటు సామర్థ్యం. లోపల పుట్టిన వెలుగులో బయటికొచ్చేది ఎంతో తెలిస్తే బాధేస్తుంది. సేంద్రియ పొరల వక్రీభవన గుణకం సుమారు 1.7 నుంచి 1.8, గాజుది 1.5, గాలిది 1. ఏటవాలుగా బయల్దేరిన కిరణం ప్రతి హద్దు దగ్గరా లోపలికే తిరిగిపోతుంది. కొంత లోహపు ఎలక్ట్రోడ్ ఉపరితలం మీద అంతరించిపోతుంది. ఏ ఉపాయమూ చేయని చదును ఓలెడ్‌లో 100 ఫోటాన్లు (వెలుగు కణాలు) పుడితే సుమారు 20 బయటపడతాయి. ఆ ఇరవైని కలర్ ఫిల్టర్ మళ్లీ కోస్తుంది. ఆపై గదిలోని లైటు తెర మీద మెరవకుండా పెట్టే పోలరైజర్ మిగిలినదాంట్లో సగం పైనే తినేస్తుంది. చిల్లుకుండతో బావి నుంచి ఇంటికి నీళ్లు మోసినట్టుంటుంది లెక్క. 1987లో ఈస్ట్‌మన్ కోడక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చేసిన మొదటి పలుచని పొరల పరికరం బాహ్య సామర్థ్యం 1 శాతం. అక్కడినుంచి పదార్థాలు ఎంతో ఎదిగాయి కానీ ఈ చిల్లులు మాత్రం పూర్తిగా పూడలేదు.

వాటిలో ఒక చిల్లును పూడ్చే ఉపాయం 2023 మోడల్ జీ3లో, 2024 మోడల్ జీ4లో ఉంది. మైక్రో లెన్స్ అరే. కంటికి కనిపించని కుంభాకార కటకాలు, 77 అంగుళాల 4కే ప్యానెల్‌లో 4,240 కోట్లు, అంటే ఒక్కో పిక్సెల్‌కు 5,117. లోపలికే తిరిగిపోయే కిరణాల్ని వంచి బయటికి పంపడం వాటి పని. జీ5లో ఈ కటకాలు లేవు. మా ఫిర్యాదు ఇక్కడే. కటకాలు కరెంటు పెంచకుండా వెలుగు పెంచుతాయి, అంటే బిల్లుకూ ఆయుష్షుకూ రెండిటికీ మేలు. నాలుగు దొంతరలతో పాటు కటకాలనూ ఉంచి ఉంటే ఈ సమీక్ష మొత్తం పొగడ్తే అయ్యేది. ఖర్చు, తయారీ చిక్కులు రెండూ పెరుగుతాయి కాబట్టి ఒకటి వదిలేశారు. ఫలితాల్లో మాత్రం జీ5 జీ4 కంటే ముందే ఉంది. తెరలో పదో వంతు తెల్లగా ఉన్నప్పుడు 2,000 నిట్స్ దాటుతుంది. తెరంతా తెలుపైతే 400 దరిదాపుల్లో ఆగుతుంది, ఆపేది వేడిని, కరెంటును కాచే పరిమితి. 4,000 అన్నది ప్యానెల్ తయారీదారు చెప్పిన గరిష్ఠం, చాలా చిన్న మెరుపుకే వర్తిస్తుంది. ఇంట్లో సినిమాలో దాన్ని వెతుక్కోవద్దు.

పోలరైజర్ సంగతి కూడా కొనేముందు తెలియాలి. దాన్ని తీసేస్తే పెద్ద పొదుపు. శాంసంగ్ డిస్‌ప్లే 2021లో గెలాక్సీ జెడ్ ఫోల్డ్3 తెరలో పోలరైజర్ తీసేసి, దాని పనిని కలర్ ఫిల్టర్‌కు, పిక్సెళ్ల మధ్య నల్లటి గట్లకు అప్పజెప్పింది. వెలుగు బయటపడడం 33 శాతం పెరిగి, విద్యుత్తు 25 శాతం దాకా తగ్గిందని ఆ సంస్థ చెప్పింది. టీవీల్లో శాంసంగ్ వారి క్యూడీ-ఓలెడ్‌లోనూ పోలరైజర్ లేదు. దాని మూల్యం మన హాల్లో కనిపిస్తుంది. పగలు కిటికీ వెలుగు, రాత్రి ట్యూబులైటు నేరుగా పడితే ఆ తెరల నలుపు కొంచెం ఊదా వైపు తేలిపోతుంది. జీ5 నలుపు అలాంటి గదిలో నల్లగానే ఉంటుంది. పైగా క్యూడీ-ఓలెడ్‌లో ఎరుపు, ఆకుపచ్చ కూడా ప్రధానంగా నీలం వెలుగును క్వాంటమ్ డాట్లతో మార్చగా వచ్చేవి, కాబట్టి భారం తిరిగి తిరిగి నీలం మీదే పడుతుంది. రంగుల నిండుదనంలో అది గట్టి పోటీయే. చీకటి గదిలో సినిమాలు చూసేవాళ్లు దాన్నీ చూడండి. కిటికీలున్న హాల్లో న్యూస్, క్రికెట్ చూసే ఇంటికి జీ5 సరైనది.

ఆయుష్షు అంకె చదవడంలో ఇంకో మెలిక ఉంది. లక్ష గంటలు అనే మాట అమ్మేవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. అది వెలుగు సగానికి పడిపోయే కాలం. మన బాధ సగం కాదు. పక్కపక్క భాగాల మధ్య వెలుగు తేడా రెండు మూడు శాతం వస్తే చాలు, కన్ను గీతను పట్టేస్తుంది. లక్ష గంటల అర్ధాయుష్షున్న తెర ఒకే వేగంతో తగ్గుతుందనుకుని లెక్కేయండి. ఒక చోట అదే వెలుగుతో నిరంతరం వెలుగుతూ, దాని పక్క చోటు ఆరిపోయి ఉంటే, 3 శాతం తేడా సుమారు 4,400 గంటలకే వచ్చేస్తుంది. రోజుకు 6 గంటల న్యూస్ అంటే రెండేళ్లు. వెలుగు సగానికి తగ్గించి నడిపితే అదే తేడాకు ఆరేళ్ల పైనే పడుతుంది. వేడి, పదార్థాల తేడాలు కలిస్తే అంకె అటూ ఇటూ జరుగుతుంది, కానీ పోలిక ఇదే.

ఈ తేడాను సర్దడానికి టీవీలోనే ఒక ఏర్పాటు ఉంది. అది తెలియకపోతే ఓలెడ్ టీవీ త్వరగా పాడయ్యే ప్రమాదం ఉంది. మొత్తం వాడకం నాలుగు గంటలు దాటాక రిమోట్‌తో ఆపితే, తెర నల్లబడినా టీవీ లోపల పని మొదలవుతుంది. ప్రతి పిక్సెల్ వెనకున్న ట్రాన్సిస్టర్ (కరెంటును అదుపుచేసే భాగం) గుణం ఎంత మారిందో కొలిచి, దానికి తగ్గట్టు ఆ పిక్సెల్‌కు ఇచ్చే వోల్టేజీని సరిచేస్తుంది. కొన్ని నిమిషాల పని. ఇంకో లోతైన సర్దుబాటు సుమారు 2,000 గంటలకు ఒకసారి జరుగుతుంది. అప్పుడు సేంద్రియ పొర అరుగుదలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మోడల్‌ను బట్టి కొన్ని నిమిషాల నుంచి గంట దాకా పట్టవచ్చు. ఇవి జరగాలంటే ప్లగ్గులో కరెంటు ఉండాలి. మనకేమో టీవీ ఆపడమంటే రిమోట్ నొక్కి, వెంటనే గోడ మీద స్విచ్ కూడా ఆపేయడం అలవాటు. పొదుపని, పిడుగు భయమని పెద్దవాళ్లు నేర్పిన అలవాటు. పాత ట్యూబు టీవీకి అది సరిపోయింది. ఓలెడ్‌కు రోజూ అలా చేస్తే సర్దుబాటు ఎప్పటికీ జరగదు, తెర మీద సన్నటి నిలువు చారలు, లోగో నీడలు ముందుగానే కనిపిస్తాయి. రిమోట్‌తో ఆపాక కనీసం అరగంట స్విచ్ ఉంచండి. వీలైతే రాత్రంతా ఉంచి, ఉరుములు మెరుపులున్న రోజునే తీసేయండి. సర్జ్ ప్రొటెక్టర్ పెట్టుకుంటే ఆ భయమూ తగ్గుతుంది. మధ్యలో పవర్ కట్ వస్తే కంగారు పడక్కర్లేదు, తర్వాత ఆపినప్పుడు మళ్లీ మొదలవుతుంది.

సెట్టింగ్స్‌లో ఓలెడ్ కేర్ అనే చోట పిక్సెల్ క్లీనింగ్ అని ఒక బటన్ ఉంటుంది. లోతైన సర్దుబాటును చేతితో నడిపేది. నీడ కనిపించినప్పుడల్లా దాన్ని నొక్కేవాళ్లున్నారు. అది మందు కాదు. అరిగిన పిక్సెళ్లకు సమానంగా మిగతావాటిని సర్దే లెక్క, ప్రతిసారీ ప్యానెల్ నిల్వలో కొంత వాడుకుంటుంది. ఏడాదికోసారి కూడా అవసరం పడదు, దాని మానాన దాన్ని వదిలేయండి. అక్కడే ఉన్న స్క్రీన్ మూవ్‌ను ఆన్‌లో ఉంచండి. బొమ్మను కొన్ని పిక్సెళ్లు అటూ ఇటూ జరుపుతుంది, పదునైన అంచు ముద్ర పడకుండా చూస్తుంది. అడ్జస్ట్ లోగో బ్రైట్‌నెస్‌ను ఎక్కువ మెట్టులో పెట్టండి. కదలని లోగోను గుర్తించి అక్కడ మాత్రమే వెలుగు తగ్గిస్తుంది. న్యూస్ ఇళ్లకు దీనికి మించిన సెట్టింగ్ లేదు.

బొమ్మ మోడ్ విషయానికొస్తే, వివిడ్‌ను పూర్తిగా మరిచిపోండి. ఫిల్మ్‌మేకర్ లేదా సినిమా మోడ్‌లో ఓలెడ్ పిక్సెల్ బ్రైట్‌నెస్‌ను రాత్రికి 40 దగ్గర, పగటి హాలుకు 60 దగ్గర ఉంచితే మామూలు ఛానళ్లకు ఎక్కువే. హెచ్‌డీఆర్ సినిమా వచ్చినప్పుడు టీవీ తనంతట తానే పూర్తి శక్తికి వెళ్తుంది. దాన్ని ఆపక్కర్లేదు. మెరుపులు సినిమాలో చోటు మారుతూ ఉంటాయి, ఒకేచోట కూర్చోవు. అరుగుదల సమంగా పడితే కంటికి తెలియదు. ఐపీఎల్ స్కోరు పట్టీ రెండు నెలలు రోజుకు నాలుగు గంటలున్నా ఏడాది మొత్తంలో చూస్తే చిన్న వంతే. దానికి భయపడక్కర్లేదు. రోజూ ఒకే న్యూస్ ఛానల్ మాత్రమే నడిచే ఇల్లయితే, రెండు మూడు ఛానళ్లు మార్చి మార్చి చూడడం నిజంగా పనిచేసే చిట్కా. ప్రతి ఛానల్ పట్టీ ఒకే ఎత్తులో, ఒకే రంగులో ఉండదు.

వేడి ఓలెడ్‌కు రెండో శత్రువు. పొరల్లోని రసాయన చర్యలన్నీ వేడితో వేగం పుంజుకుంటాయి. టీవీ పనిచేయడానికి చెప్పిన హద్దు 40 డిగ్రీలు. రామగుండంలో, రెంటచింతలలో మే మధ్యాహ్నం ఏసీ లేని గది ఆ హద్దును ముట్టుకుంటుంది. జీ5ను గోడకు అతుక్కుపోయేలా బిగించేందుకే తయారుచేశారు కాబట్టి వెనక గాలి తక్కువ. పీఓపీతో, చెక్కతో గూడు కట్టించి అందులో టీవీని ఇరికించవద్దు. పైనా పక్కలా పది సెంటీమీటర్ల ఖాళీ వదలండి. సాయంత్రపు ఎండ నేరుగా తెర మీద పడే పడమటి కిటికీ ఎదురుగా బిగించవద్దు, నల్లటి తెర ఆ వేడినంతా పీల్చుకుంటుంది.

విశాఖ, కాకినాడ తీరంలో గాలిలో తేమకు భయపడేవాళ్లకు ఒక మాట. ఓలెడ్‌కు తేమ, ఆక్సిజన్ ప్రాణాంతకమే. ఒక్క సూదిమొన చిల్లు ఉన్నా నీటి ఆవిరి ఎలక్ట్రోడ్ దాకా చేరి నల్ల చుక్క మొదలవుతుంది, అది రోజురోజుకూ గుండ్రంగా పెరుగుతుంది. అందుకే తెరను మూసే సీలు ఒక చదరపు మీటరు మేర రోజుకు గ్రాములో పది లక్షల వంతుకు మించి నీటిని రానివ్వకూడదని ఈ పరిశ్రమ పెట్టుకున్న గీటు. సీలు చెక్కుచెదరనంత వరకు సముద్రపు గాలి లోపలికి రాదు. అది చెదిరేది ఎక్కువగా బిగించేటప్పుడే. అంచు పట్టుకుని వంచడం, మూల నేలకు తగలడం, తెర మధ్యలో అరచేయి నొక్కి లేపడం వీటివల్ల. ఇద్దరు మనుషులు కింది అంచు, పక్క అంచు పట్టుకుని నిలువుగా లేపాలి. బిగించేవాళ్లు తెరను నేల మీద పడుకోబెడితే అక్కడే ఆపించండి.

షాపుకు వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో నిండు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు, 5 శాతం బూడిద రంగు బొమ్మలు వేసుకెళ్లండి. బూడిద బొమ్మలో నిలువు చారలు, ఎర్ర బొమ్మలో పాత లోగో నీడ స్పష్టంగా కనిపిస్తాయి. డిస్‌ప్లే పీసును ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 4,380 గంటలు, అదీ పూర్తి వెలుగులో, ఒకే డెమో వీడియోతో. కొత్తదే ఇంటికొచ్చినా సపోర్ట్ మెనూలో టీవీ సమాచారం తెరిచి మొత్తం నడిచిన గంటలు చూడండి, అంకెలు వందల్లో ఉంటే తిరిగి పంపండి. ప్యానెల్ వారంటీలో బర్న్-ఇన్ (తెర మీద శాశ్వతంగా మిగిలిపోయే నీడ) ఉందా లేదా అన్నది నోటిమాటగా వదలకుండా బిల్లు మీద రాయించుకోండి. చాలా వారంటీలు దాన్ని వాడకం లోపం కింద జమకట్టి పక్కన పెడతాయి.

సినిమాలు, క్రికెట్, ఓటీటీ కలగలిపి చూసే ఇంటికి జీ5 నిస్సందేహంగా తీసుకోవచ్చు. అదే కంపెనీ సీ5లో ఈ నాలుగు దొంతరల ప్యానెల్ లేదు. గది ఎప్పుడూ చీకటిగా ఉండి వెలుగు ఎక్కువ అవసరం లేనివాళ్లు సీ5తో డబ్బు మిగుల్చుకోవచ్చు, సెట్టింగ్స్ ఇవే పాటించాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా న్యూస్ మాత్రమే నడిచే హోటల్ కౌంటర్‌కు, ఆస్పత్రి వెయిటింగ్ హాలుకు, ఆఫీసు రిసెప్షన్‌కు మాత్రం ఏ ఓలెడ్ టీవీనీ తీసుకోవద్దు, జీ5 అయినా సరే. అక్కడికి మినీ ఎల్ఈడీ టీవీ చాలు.